కరుణ చెవుల కోసం మైసూరు ప్రయాణం

బీదర్ బస్టాండులో ఏ బస్సు ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి కదిలింది అని పుస్తకంలో రాసుకునే ఉద్యోగం నాది. కాబట్టి ఆ సోమవారం పొద్దున ఆరు గంటలకు కదలాల్సిన గుల్బర్గా బస్సు ఆరూ పన్నెండుకు కదిలిందని ఒట్టేసి చెప్పగలను. ఆలస్యానికి కారణం కూడా నేనే. డాక్టరు రాసిచ్చిన చీటీ ట్రంకు పెట్టెలో ఉందో లేదో అని రెండుసార్లు బస్సు పైకెక్కి, తాడు విప్పి, పెట్టె తెరిచి చూశాను. రెండుసార్లూ ఉంది. డ్రైవరు నాకు తెలిసినవాడు గనుక ఏమీ అనలేదు. ఇంకెవరైనా ఇట్లా చేసి ఉంటే నేనే నలుగురిలో చివాట్లు పెట్టేవాణ్ణి.

మేం ముగ్గురం: నేను, నా భార్య సుగుణ, నాలుగున్నరేళ్ళ మా కూతురు కరుణ. కరుణకు మాట రాలేదు. చెవులు వినపడతాయో లేదో మైసూరులో యంత్రం పెట్టి చూస్తారనీ, వినపడని పిల్లలకు మాట నేర్పే చోటు కూడా అక్కడే ఉందనీ మా ఊరి ఆసుపత్రిలో చెప్పారు. హైదరాబాదు అయితే మాకు నాలుగు గంటల దారి. మైసూరు ఒక పగలు, ఒక రాత్రి, ఆపైన ఇంకో పూట. కానీ రాష్ట్రాలు పంచినప్పుడు మా జిల్లా అటు పడింది, చీటీ కూడా అటే రాశారు. రాష్ట్రానికి కర్ణాటక అని పేరు పెట్టి అప్పటికి ఏడాది కూడా కాలేదు. మేం ఎక్కిన బస్సు ఒంటి మీద కొత్త రంగు కింద నుంచి మైసూరు అన్న పాత పేరు ఇంకా కనబడుతూనే ఉంది.

నాకైతే కరుణకు వినపడుతుందనే నమ్మకం. ఎందుకో చెప్పాలి. మా ఊరి పక్కన విమానాలు నడపటం నేర్పే మైదానం ఉంది. మేముండే చిద్రి పేట ఇళ్ళ మీదుగా పొద్దున్నుంచీ చిన్న విమానాలు తిరుగుతూనే ఉంటాయి. పిల్లకు రెండేళ్ళు నిండినా మాట రాక మేం బెంగపడుతున్న రోజుల్లో, ఒకనాడు వాకిట్లో నేను దాన్ని ఎత్తుకొని ఉండగా విమానం వచ్చింది. పిల్ల చటుక్కున తల ఎత్తి చూసింది. నేను గంతులేసినంత పని చేశాను. ఆ తరువాత ఎన్నిసార్లు చూసినా అంతే. విమానం రావటం, పిల్ల తల ఎత్తటం. చెవి డాక్టరు దగ్గరికి తీసుకుపొమ్మని ఎవరన్నా నేను విమానం సంగతే చెప్పేవాణ్ణి. అంత పైన పోయేది వినపడే పిల్లకు పక్కనున్న మనిషి మాట వినపడదా, మొండిగా ఉంది, మాట అదే వస్తుంది అనేవాణ్ణి. అట్లా రెండేళ్ళు గడిచాయి. ఒకనాడు నాకు అన్నం తెచ్చిన సుగుణ వెంట బస్టాండుకు వచ్చిన పిల్ల, వెనక్కి వస్తున్న బస్సుకు అడ్డంగా నిలబడింది. హారన్ మోగుతూనే ఉంది, పిల్ల కదలలేదు. క్లీనరు చెయ్యి పట్టి లాగాడు. తెల్లారి పోయి చీటీ రాయించుకున్నాను.

హుమ్నాబాదుకు ఏడూ నలభైకి చేరాం. పదిహేను నిమిషాలు ఆగింది. చాయ్ తాగి, కరుణకు పూరీలు తినిపించాం. ముందు సీటులో ఒక ముసలాయన, అక్కడ దిగి చిట్గుప్ప బస్సు ఎక్కాల్సినవాడు, దిగబోతూ కరుణ గడ్డం పట్టుకొని పేరేమిటని అడిగాడు. పిల్ల ఆయన నోటివైపే చూసింది. "సిగ్గరి ఉన్నది పిల్ల" అన్నాడు. అవునన్నాను. సుగుణ నా వైపు చూసింది.

గుల్బర్గాలో పదింపావుకు దిగాం. స్టేషను దగ్గర అన్నం తిని, ఒంటిగంట దాటాక మద్రాసు వైపు పోయే రైలు ఎక్కాం. రెండో తరగతి పెట్టె కిక్కిరిసి ఉంది. తలుపు దగ్గర మా ట్రంకు పెట్టె మీద సుగుణ, ఆమె ఒళ్ళో పిల్ల, నేను నిలబడి. వాడీలో కొందరు దిగితే చోటు దొరికింది. ఎదురుగా యాదగిరి వైపు తెలుగు ఆమె కూర్చుంది. కరుణకు వేరుశనక్కాయలు ఇచ్చి, మాట కలిపి, జవాబు లేక నా మొహం చూసింది. సిగ్గు అని నేను అనబోతున్నాను. అంతలో సుగుణ అన్నది, "దానికి వినపడదు అక్కా. మైసూరుల చూపిస్తానికి తీస్కపోతున్నం."

పెళ్ళయిన ఏడేళ్ళలో నలుగురి ముందు ఆమె మీద నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు. చూపించకముందే తేల్చేసింది కదా అని. ఆ అక్క మాత్రం అయ్యో పాపం అనలేదు. తన చెల్లెలి కొడుకు కూడా అంతేననీ, ఇప్పుడు రాయచూరులో గడియారాలు బాగుచేస్తాడనీ చెప్పి, "మీరు నయ్యం, చిన్నప్పుడే తీస్కపోతున్నరు. మాకు ఎవ్వరు చెప్పలే" అన్నది. నాకు ఆ మాట నచ్చలేదు. మా పిల్లను ఆ లెక్కలో ఎందుకు కలపాలి అనుకొని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

గుంతకల్లులో సాయంత్రం ఏడు కావస్తోంది. అక్కడ పెద్ద లైను రైలు దిగి, వంతెన ఎక్కి దిగి, బెంగళూరు పోయే చిన్న లైను రైలు పట్టుకోవాలి. మీలో ఎవరైనా పిల్లలతో ఆ దారిన పోతే ఒక మాట చెబుతాను. సామాను కూలీకి ఇచ్చేయండి, పిల్ల చెయ్యి మాత్రం వదలకండి. నేను పెట్టె నా నెత్తిన పెట్టుకొని, పిల్లను సుగుణకు అప్పగించాననుకున్నాను. సుగుణ మూటా చెంబూ పట్టుకొని, పిల్ల నా దగ్గర ఉందనుకుంది. వంతెన దిగి చూస్తే కరుణ లేదు.

నేను పిలిచాను. గొంతు చించుకొని, బస్టాండులో పిలిచినట్టే పిలిచాను. ప్లాట్‌ఫారం అంతా తిరిగి నా వైపు చూసింది, పలకాల్సిన పిల్ల తప్ప. పిలిచి లాభం లేదని నా కాళ్ళకు తెలిసినట్టుంది, అవి పరుగెడుతూనే ఉన్నాయి, నోరు మాత్రం ఊరుకోలేదు. సుగుణ ఒక్కసారి కూడా పిలవలేదు. బెంచీల కిందా దుకాణాల సందుల్లోనూ చూసుకుంటూ పోయి, టీ కొట్టు పక్కన బరువు చూసే యంత్రం దగ్గర పట్టుకుంది. దీపాలు తిరిగే ఆ యంత్రానికి కరుణ రెండు అరచేతులూ ఆనించి, అది వణికినప్పుడల్లా నవ్వుతోంది. నేను వచ్చేసరికి సుగుణ పిల్లను ఎత్తుకొని, మొహం దాని భుజంలో పెట్టుకొని నిలబడింది. వదిలేసిన పెట్టె వెతుక్కొని తెచ్చి రైలు ఎక్కాం.

మంగళవారం తెల్లవారి ఆరున్నరకు బెంగళూరు. అక్కడే మైసూరు రైలుకు మారి, పదకొండూ ఇరవైకి మైసూరులో దిగాం. స్టేషనుకు దగ్గరలోనే ఒక సత్రంలో గది దొరికింది. చాప ఇస్తారు, నీళ్ళు బావి నుంచి మనమే తోడుకోవాలి. శుభ్రంగానే ఉంది. మధ్యాహ్నం సిటీ బస్సులో చెవులు చూసే ఆ చోటికి పోయి చీటీ చూపిస్తే, పేరు రాసుకొని బుధవారం తొమ్మిదింటికి రమ్మన్నారు. పిల్ల పుట్టిన తేదీ కాగితం అడుగుతారు, తప్పకుండా తీసుకుపోండి. మా దగ్గర చర్చిలో ఇచ్చిన బాప్తిస్మం కాగితం ఉంటే దాన్నే ఒప్పుకున్నారు.

బుధవారం మేం ఎనిమిదిన్నరకే వరండాలో ఉన్నాం. అప్పటికే పది, పన్నెండు కుటుంబాలు. అందరి పిల్లలూ కరుణలాంటివాళ్ళే. అంతమందిని ఒకచోట చూడటం నాకు అదే మొదలు. వరండా నిండా పిల్లలు పరుగెడుతున్నారు, పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఒక్కరూ లేరు. హాసన్ వైపు రైతు కుటుంబం ఒకటి ఇద్దరు కొడుకులతో వచ్చింది. పెద్దవాడి చెవిలో గుండీలాంటిది, దాన్నుంచి తీగ, ఛాతీ మీద అగ్గిపెట్టెకు రెండింతలుండే, వినపడేట్టు చేసే డబ్బా. తల్లి ఆ డబ్బాకు చొక్కా మీద జేబు కుట్టింది. సుగుణకు కన్నడం రాదు, ఆమెకు తెలుగు రాదు. అయినా అరగంటలో ఆమె చొక్కా విప్పి చూపించి, జేబుకు అడ్డపట్టీ ఎట్లా వేస్తే డబ్బా జారదో సుగుణకు నేర్పింది. నేను ఆ డబ్బావైపు చూడలేకపోయాను. మాకు అది అక్కర్లేదనే అప్పటికింకా అనుకుంటున్నాను.

పదిన్నరకు లోపలికి పిలిచారు. గది గోడలకు మందమైన గుడ్డ. లోపల ఒక టీచరమ్మ, ముప్పై ఏళ్ళుంటాయి, కన్నడంలో మాట్లాడుతుంది. ఆఫీసు కన్నడం నాకు బాగానే వచ్చు కాబట్టి సుగుణకు నేనే తర్జుమా చేయాలి. టీచరమ్మ కరుణ ముందు చెక్కపూసలు పోసి, ఒక గిన్నె పెట్టి, శబ్దం వచ్చినప్పుడు ఒక పూస వేయాలని చేసి చూపించింది. పిల్లకు ఆట తొందరగానే పట్టుబడింది. నేను ఎదురుగా కుర్చీలో కూర్చున్నాను, సుగుణ గోడ పక్కన.

మూల నుంచి కూ అని శబ్దం వచ్చింది. కరుణ పూస వేసింది. మళ్ళీ వచ్చింది, వేసింది. ఆరుసార్లకు ఆరు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. టీచరమ్మ యంత్రం ఆపి, నన్ను కుర్చీ తిప్పుకొని గోడవైపు కూర్చోమన్నది.

గోడవైపు కూర్చున్నాను. శబ్దం వచ్చింది. గిన్నెలో పూస పడిన చప్పుడు లేదు. ఇంకాస్త గట్టిగా వచ్చింది. లేదు. నా చెవులు గింగురుమనేంత గట్టిగా వచ్చింది. అయినా లేదు. గుడ్డ మీద కుట్లు లెక్కపెడుతూ కూర్చున్నాను. చివరికి చాలా లావైన, మోటారులాంటి శబ్దానికి ఒక్క పూస పడింది.

శబ్దం వచ్చినప్పుడల్లా నేను తల ఊపుతున్నానని టీచరమ్మ చెప్పింది. నాకు ఆ సంగతే తెలియదు. ఆమె మెల్లగానే చెప్పింది కానీ నాకు పౌరుషం వచ్చింది. విమానం సంగతి ఎత్తాను. రెండేళ్ళుగా చూస్తున్నాను, ఒక్కసారి కూడా తప్పలేదు అన్నాను. ఆమె విని, ఒకే ప్రశ్న వేసింది. విమానం వచ్చినప్పుడు ముందు తల ఎత్తేది ఎవరు? పిల్లా, మీరా?

అది నేనెప్పుడూ గమనించలేదు. మా ఊళ్ళో విమానాలకు ఎవరూ తల ఎత్తరు, రోజూ ఉండేవే. ఎత్తేది నేనొక్కణ్ణే, పిల్లకు పరీక్ష పెట్టటానికి. టీచరమ్మ సుగుణవైపు తిరిగి, అమ్మను అడగండి అన్నది. అడిగాను. సుగుణ తల వంచుకొని చెప్పింది, "నువ్వు ఎత్తినంక ఎత్తుతది. నువ్వు లేనప్పుడు ఎన్ని విమానాలు పోయినా దానికి పట్టదు."

"నీకు ఎప్పటిసంది తెలుసు?"

"మొదటిసంది తెలుసు. ఎట్ల చెప్తును? విమానం వచ్చినప్పుడల్లా నీ మొకం ఎట్లుంటుండెనో నువ్వు చూసుకోలే."

టీచరమ్మ నా జవాబు కోసం చూస్తోంది. ఆమెకు తెలుగు రాదు. సుగుణకు కన్నడం రాదు. మధ్యలో నేను. పిల్లే ముందు ఎత్తుతుంది అని ఒక్క మాట అంటే చాలు, ఎవరికీ తెలియదు. నిజం చెబుతున్నాను, ఆ మాట నా నాలుక మీదికి వచ్చింది. కరుణ పూసలు వదిలేసి నా నోటివైపే చూస్తోంది. సుగుణ అన్నది అన్నట్టే కన్నడంలో చెప్పాను. రెండేళ్ళు నేనే పోగొట్టాను అని కూడా అన్నాను. అది సుగుణ అనని మాట.

టీచరమ్మ నన్ను ఓదార్చలేదు. అట్లాగని తప్పు పట్టలేదు. లావైన శబ్దాలు, దగ్గరగా వస్తే, కొద్దిగా అందుతున్నాయి. డబ్బా పెడితే ఇంకొంచెం అందుతాయి. చెవి ఒక్కటే చాలదు, కన్ను కూడా కావాలి అన్నది. మీ మొహం మీద చీమ పాకినా ఈ పిల్లకు తెలుస్తుంది, అది మనకు పనికొచ్చే సంగతి అన్నది. తరువాత, రోజంతటిలో పిల్లతో ఏమేం మాట్లాడతారని నన్ను అడిగింది.

చెప్పటం మొదలుపెట్టాను. వెనక నుంచి చప్పట్లు కొడతాను, పళ్ళెం జారవిడుస్తాను, ఈల వేస్తాను, విమానం వస్తే ఎత్తుకొని వాకిట్లోకి పోతాను. ఆమె ఆగమన్నది. అవన్నీ పరీక్షలు, నేను అడిగింది మాటలు అన్నది.

ఆలోచించాను. బస్టాండులో పొద్దున్నుంచీ అరిచి అరిచి ఇంటికి వస్తాను. జవాబు చెప్పని పిల్లతో ఏం మాట్లాడతాం? రెండేళ్ళుగా నేను నా కూతురికి పరీక్షలు పెట్టానే గాని దానితో మాట్లాడలేదు. ఒక్క మాట కూడా జ్ఞాపకం రాలేదు.

మాట వస్తుందా అని సుగుణ అడగమన్నది. అడిగాను. ఎంత వస్తుందో తాను చెప్పలేననీ, ఇంట్లో మాట్లాడేవాళ్ళు లేకపోతే మాత్రం రాదనీ టీచరమ్మ అన్నది. ఏ భాషలో మాట్లాడాలన్నది నాకు పెద్ద చింత. ఇంట్లో తెలుగు, వీధిలో ఉర్దూ, బడిలో కన్నడం. పనికొస్తాయని నేను నాలుగు కన్నడ మాటలు కాగితం మీద రాసి పిల్లకు చూపిస్తూ ఉండేవాణ్ణి. అమ్మకు ఏది వస్తే అదే, అదొక్కటే, మిగతావి తరువాత అన్నది టీచరమ్మ.

ఇట్లాంటి పనిమీద పోయేవాళ్ళు పరీక్ష అవగానే తిరిగి రాకండి. ఆ తరువాత మూడు రోజులే అసలు పని. గురు, శుక్ర, శనివారాల్లో పొద్దున తల్లిదండ్రులను కూర్చోబెట్టి నేర్పారు. డబ్బు తీసుకోలేదు. వెలుతురు మన మొహం మీద పడేట్టు కూర్చోవాలి. పిల్ల ఎత్తుకు వంగాలి. విడి మాటలు కాదు, నిండు వాక్యాలు చెప్పాలి. పిల్ల గడ్డం పట్టి మనవైపు తిప్పుకోకూడదు, అది తనంతట తాను చూసేదాకా ఆగాలి. చూసినప్పుడు, అది దేన్ని చూసి మనవైపు తిరిగిందో దాని గురించే చెప్పాలి. సుగుణకు ఇవి వెంటనే వచ్చేశాయి. నాకు ఆగటం రాలేదు. టీచరమ్మ ముందు రెండుసార్లు గడ్డం పట్టుకొని తిట్లు తిన్నాను. కరుణ చెవిలో పెట్టే గుండీ కోసం అచ్చు తీసుకున్నారు. డబ్బా రావటానికి మూడు నెలలు పడుతుందనీ, ఉత్తరం రాస్తామనీ, అప్పుడు నెల రోజులు ఉండేట్టు రమ్మనీ చెప్పారు. నెల రోజుల సెలవు ఎట్లా దొరుకుతుందో అని నాకు అప్పుడే దిగులు పట్టుకుంది.

శనివారం సాయంత్రం మైసూరులో రైలు ఎక్కి, బెంగళూరు మీదుగా ఆదివారం పొద్దున గుంతకల్లు చేరాం. ఈసారి సామాను కూలీకి ఇచ్చాను. గుల్బర్గా వైపు పోయే రైలులో కిటికీ పక్కన చోటు దొరికింది. కరుణ కిటికీ దగ్గర, ఎదురుగా నేను, వెలుతురు నా మొహం మీద పడేట్టు. ఇంక మాట్లాడాలి. ఏం మాట్లాడాలో తెలియక సుగుణను అడిగాను.

"నాతోని మాట్లాడినట్టే మాట్లాడు" అన్నది. మళ్ళీ తనే, "నాతోని గూడ ఏం మాట్లాడినవు తియ్యి" అన్నది. నవ్వుతూనే అన్నది గానీ అందులో అబద్ధమేమీ లేదు.

మంత్రాలయం రోడ్డు స్టేషను దాటింది. కరుణ బయటికే చూస్తోంది. గడ్డం పట్టుకోవటానికి నా చెయ్యి లేచింది, రెండో చేత్తో పట్టుకొని ఆపుకున్నాను. రాయచూరులో ఇరవై నిమిషాలు ఆగింది, ఇడ్లీ పొట్లాలు తెచ్చాను. పిల్ల తిన్నది, మళ్ళీ బయటికి తిరిగింది. ఇట్లా ఆగుతూ పోతే ఎప్పటికి మాట వస్తుంది, పోయిన రెండేళ్ళు ఎక్కడి నుంచి తెస్తాను, డబ్బా పెట్టినా వినపడకపోతే ఏం చేస్తాను అని నా లోపల ఒకటే గొడవ. ఊరికి పోయాక అందరూ అడుగుతారు. ఏం చెప్పాలి? వినపడదు అనే చెప్పాలి. ఆ మాట నా నోటితో నేను ఇంకా ఎవరితోనూ అనలేదు.

రైలు నెమ్మదించి కృష్ణ వంతెన మీదికి వచ్చింది. వానాకాలం చివర గనుక నది నిండుగా ఉంది, ఒడ్డు నుంచి ఒడ్డుకు ఎర్రటి నీళ్ళు. నేను బయటికి చూడలేదు. పిల్లనే చూస్తున్నాను. కరుణ నీళ్ళు చూసింది. చువ్వలు పట్టుకొని లేచి నిలబడింది. నేను కదలలేదు. అప్పుడు అది తల తిప్పి నా వైపు చూసింది, నువ్వు కూడా చూశావా అన్నట్టు.

"నది అమ్మా ఇది" అన్నాను. "కృష్ణ నది. ఎన్ని నీళ్ళున్నయో చూసినవా? నేను గూడ చూసిన. నేను మీ నాయనను."

నాలుగున్నరేళ్ళ పిల్లకు అప్పుడు చెప్పుకున్నాను, నేనెవరో. కరుణ నా నోటివైపు చూస్తూ ఉండిపోయింది. వంతెన అయిపోయింది, నీళ్ళు వెనకబడ్డాయి, అది ఇంకా చూస్తూనే ఉంది. ఇంకేం చెప్పాలో తెలియక వచ్చే స్టేషను పేరు చెప్పాను, ఆ తరువాతి స్టేషను పేరు కూడా చెప్పాను.